వేలీన్ తీసే స్ట్రెయిన్ కట్టాలంటే: ఏ బాక్టీరియా, ఏ కళ్లెం, ఎంత గాలి

వేలీన్ అనే అమైనో ఆమ్లాన్ని బాక్టీరియాతో తీయడానికి దిగేవాళ్లు మొదట అడిగే ప్రశ్న "కొరైనీబాక్టీరియం మంచిదా, ఈ-కోలై మంచిదా?" అని. అది రెండో మెట్టు మీద అడగాల్సిన ప్రశ్న. మొదటి మెట్టు మీద తేల్చుకోవలసినవి వేరే రెండున్నాయి. వేలీన్ దారికి కావలసిన క్షయకరణ శక్తి (చర్యలకు కావలసిన ఎలక్ట్రాన్ల సరఫరా) ఎక్కడి నుంచి వస్తుంది? కణాల పెరుగుదలను ఎప్పుడు, దేనితో ఆపుతారు? ఈ రెండూ తేలితే బాక్టీరియా ఎంపిక చాలావరకు దానంతటదే తేలుతుంది. లీటరుకు ఎన్ని గ్రాములన్న అంకె ఒక్కటే చూసి స్ట్రెయిన్ (మార్చి కట్టిన బాక్టీరియా రకం) ఎంచుకుంటే, దాని వెనకున్న గాలి, చక్కెర, కణాల ఖర్చు ఫెర్మెంటర్ (బాక్టీరియాను పెంచే తొట్టె) దగ్గర నిలబడ్డాక గానీ కనబడదు.

ముందు లెక్క

వేలీన్ దారి చిన్నదే. గ్లూకోజ్ విరిగి వచ్చే పైరువేట్ అణువులు రెండు కలిసి, ఒక కార్బన్ డయాక్సైడ్‌ను వదిలి అసిటోలాక్టేట్ అవుతాయి. ఈ పని చేసే ఎంజైమ్ జన్యువులను ల్యాబుల్లో ఇల్వ్-బీఎన్ అంటారు. తర్వాత ఇల్వ్-సీ, ఎలక్ట్రాన్లు మోసే ఎన్‌ఏడీపీహెచ్ అణువు ఒకటి వాడుకుని దాన్ని డైహైడ్రాక్సీఐసోవేలరేట్ చేస్తుంది. ఇల్వ్-డీ అందులోంచి నీటిని తీసేస్తే కీటోఐసోవేలరేట్ వస్తుంది. చివర్లో ఇల్వ్-ఈ గ్లుటమేట్ నుంచి అమైనో గుంపును తెచ్చి దానికి తగిలిస్తుంది. అలా ఖర్చయిన గ్లుటమేట్‌ను మళ్లీ తయారు చేయడానికి ఇంకో ఎన్‌ఏడీపీహెచ్ పోతుంది. అంటే ఒక్కో వేలీన్‌కు రెండు ఎన్‌ఏడీపీహెచ్‌లు కావాలి.

గ్లూకోజ్ పైరువేట్ దాకా విరిగేటప్పుడు (దీన్నే గ్లైకాలిసిస్ అంటారు) వచ్చేవి మాత్రం రెండు ఎన్‌ఏడీహెచ్‌లు, అంటే ఇంకో రకం ఎలక్ట్రాన్ వాహకాలు. లెక్కకు సరిపోయాయి గానీ చెల్లే నాణెం వేరు. ఈ చిక్కు తీరడానికి రెండు మార్గాలున్నాయి.

మొదటిది, గ్లూకోజ్‌లో కొంత భాగాన్ని పెంటోజ్ ఫాస్ఫేట్ దారిలోకి మళ్లించి ఎన్‌ఏడీపీహెచ్ పుట్టించడం. ఆ దారిలోకి వెళ్లిన ప్రతి గ్లూకోజ్ ఒక కార్బన్ పోగొట్టుకుని 2 ఎన్‌ఏడీపీహెచ్‌లు ఇస్తుంది. గ్లూకోజ్ ఏడు పాళ్లలో ఆరు ఆ దారిన పోతే లెక్క కుదురుతుంది. అప్పుడు మోలు గ్లూకోజ్‌కు వచ్చే గరిష్ఠ వేలీన్ 0.86 మోలు. ఎన్‌ఏడీహెచ్ మాత్రం మిగిలిపోతుంది. దాన్ని కాల్చడానికి మోలు వేలీన్‌కు ఒక మోలు ఆక్సిజన్ కావాలి.

రెండోది, ఎంజైమ్‌లనే ఎన్‌ఏడీహెచ్‌కు అలవాటు చేయడం. ఇల్వ్-సీలో మూడు అమైనో ఆమ్లాలు మారిస్తే అది ఎన్‌ఏడీహెచ్ వైపు మొగ్గుతుంది. ఇల్వ్-ఈ పనిని ల్యూసీన్ డీహైడ్రోజనేజ్‌కు అప్పగిస్తే గ్లుటమేట్ మధ్యవర్తిత్వం లేకుండా అమోనియా నేరుగా ఎక్కుతుంది, అదీ ఎన్‌ఏడీహెచ్‌తోనే. అప్పుడు లెక్క ఇలా తేలుతుంది: ఒక గ్లూకోజ్, ఒక అమోనియా లోపలికి పోతాయి, ఒక వేలీన్, ఒక కార్బన్ డయాక్సైడ్, రెండు నీటి అణువులు బయటికొస్తాయి. ఆక్సిజన్ ఊసే లేదు, పైగా కణానికి రెండు ఏటీపీలు (శక్తినిచ్చే అణువులు) మిగులుతాయి. దీని గరిష్ఠం మోలుకు మోలు, బరువులో గ్రాము గ్లూకోజ్‌కు 0.65 గ్రాముల వేలీన్. అమైనో ఆమ్లాల తయారీలో ఇంత శుభ్రంగా సరితూగే సమీకరణాలు అరుదు. వేలీన్ మీద ఇంతమంది మనసు పారేసుకోవడానికి కారణం ఇదే.

రెండు బాక్టీరియాల స్వభావం

కొరైనీబాక్టీరియం గ్లుటామికంను 1956లో జపాన్‌లో, క్యోవా హక్కో సంస్థలో షుకువో కినోషిటా బృందం గుర్తించింది. గ్లుటమేట్‌ను బయటికి వదిలే గుణం చూసే దాన్ని పట్టుకున్నారు. దీనికి ఇల్వ్-బీఎన్ ఎంజైమ్ ఒక్కటే ఉంది. వేలీన్, ల్యూసీన్, ఐసోల్యూసీన్ మూడూ దాన్ని అణచివేస్తాయి, కానీ మొత్తంగా ఆపవు; సగం దాకా పని సాగుతూనే ఉంటుంది. అణచివేత తీసేయడానికి ఇల్వ్-ఎన్ ఉపభాగంలో 20, 21, 22 స్థానాలను మారిస్తే చాలు: గ్లైసీన్, ఐసోల్యూసీన్, ఐసోల్యూసీన్ ఉన్నచోట ఆస్పార్టేట్, ఆస్పార్టేట్, ఫినైల్అలనీన్. ఒక్క జన్యువు మీద ఒక్క పని, అంతటితో అయిపోతుంది. బయటికి పంపే బీఆర్‌ఎన్-ఎఫ్‌ఈ పంపు సొంతంగానే ఉంది. లోటు ఏమిటంటే, ఎన్‌ఏడీహెచ్‌ను ఎన్‌ఏడీపీహెచ్‌గా మార్చే ట్రాన్స్‌హైడ్రోజనేజ్ దీనికి లేదు.

ఈ-కోలైకి అదే పని చేసే ఎంజైమ్‌లు మూడున్నాయి. మొదటిది, మూడోది వేలీన్‌కు లొంగుతాయి. రెండోది లొంగదు, కానీ కే-12 వంశంలో దాని జన్యువు చెడిపోయి ఉంది. అందుకే కే-12 స్ట్రెయిన్‌లు కనీస మీడియంలో (అమైనో ఆమ్లాలు కలపని పోషక ద్రావణంలో) లీటరుకు కొద్ది పదుల మిల్లీగ్రాముల వేలీన్ పడగానే పెరగడం మానేస్తాయి. ఐసోల్యూసీన్ అందక ఆకలితో ఆగిపోతాయి. తయారు చేయబోయే సరుకే విషమైన కణంతో పని మొదలుపెడుతున్నామన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. కే-12నే వాడాలంటే ఇల్వ్-హెచ్‌లో 14వ గ్లైసీన్‌ను ఆస్పార్టేట్‌గా, 17వ సెరీన్‌ను ఫినైల్అలనీన్‌గా మార్చాలి, లేదా రెండో ఎంజైమ్‌ను బాగుచేసి పెట్టాలి. కొరియాలోని కైస్ట్ విశ్వవిద్యాలయంలో సాంగ్ యుప్ లీ బృందం 2007లో మొదటి పద్ధతినే పట్టింది. ఆ తర్వాత అదే బృందం వేలీన్‌ను మెరుగ్గా తట్టుకునే డబ్ల్యూ వంశానికి మారి, 2011లో 29.5 గంటల్లో లీటరుకు 60.7 గ్రాములు చూపింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అందులో ఉన్న సూచన స్పష్టం: ఈ-కోలై పట్టుకుంటే డబ్ల్యూతో మొదలుపెట్టండి.

ఈ-కోలైకి ఉన్న నిజమైన బలాలు మూడు. వేగంగా పెరుగుతుంది. జన్యు మార్పులు రోజుల్లో అయిపోతాయి. ట్రాన్స్‌హైడ్రోజనేజ్‌లు సొంతంగా ఉన్నాయి. నాలుగోది మన ఎండల వల్ల వస్తుంది. ఈ-కోలై 37 డిగ్రీల దగ్గర నడుస్తుంది, కొరైనీబాక్టీరియం 30 నుంచి 33 మధ్య. మోలు ఆక్సిజన్ ఖర్చయితే సుమారు 460 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. మే నెలలో హైదరాబాద్‌లోనో విశాఖలోనో కూలింగ్ టవర్ నీళ్లే 30 డిగ్రీల దగ్గరుంటాయి. ఆ నీళ్లతో 30 డిగ్రీల ఫెర్మెంటర్‌ను చల్లబరచడం కుదరదు, చిల్లర్ పెట్టక తప్పదు. 37 డిగ్రీల తొట్టెకు అదే టవర్ నీళ్లు సరిపోవచ్చు. కరెంటు బిల్లు వేసి చూసేదాకా ఈ తేడా ఎవరికీ కనబడదు.

బలహీనతలు కూడా చిన్నవి కావు. ఈ-కోలై కణపు గోడలోని ఎండోటాక్సిన్ అనే విషాన్ని సెలైన్‌లలో వాడే అమైనో ఆమ్లాల నుంచి పూర్తిగా తీయాలి, పరీక్షించి నిరూపించాలి. ఇక బాక్టీరియాను చంపే ఫేజ్ వైరస్. ఒకసారి ప్లాంట్‌లో చేరిందంటే బ్యాచ్ వెంట బ్యాచ్ కరిగిపోతుంది.

పెరుగుదలకు కళ్లెం వేయడంలో నాలుగు పద్ధతులు

అసలు ఎంపిక ఇక్కడుంది. పైరువేట్ అటు కణంగా మారాలి, ఇటు వేలీన్‌గానూ మారాలి. రెండూ ఒకేసారి పూర్తిగా జరగవు.

మొదటి పద్ధతి: పాంటోథెనేట్ కరువు. పాంటోథెనేట్ అనే విటమిన్ కూడా కీటోఐసోవేలరేట్ నుంచే పుడుతుంది. పాన్-బీసీ జన్యువులు తీసేస్తే రెండు లాభాలు: కీటోఐసోవేలరేట్ పక్కదారి పట్టదు, పాంటోథెనేట్ తగ్గితే కోఎంజైమ్-ఏ తగ్గి, పైరువేట్‌ను కణం పెరుగుదల వైపు లాగే పైరువేట్ డీహైడ్రోజనేజ్ మందగించి, పైరువేట్ పోగుపడుతుంది. దీనికి ఇల్వ్-ఏ తొలగింపును జోడించడం ఆనవాయితీ. ఐసోల్యూసీన్ దారి కూడా ఇవే ఎంజైమ్‌లను వాడుకుంటుంది గనక ఆ పోటీ తీరిపోతుంది. చిక్కేమిటంటే ఇల్వ్-ఏ పూర్తిగా తీస్తే ఐసోల్యూసీన్ బయటి నుంచి పోయాలి. అది వేలీన్ కంటే ఖరీదైన సరుకు. పెద్ద తొట్టెలో ఈ బేరం నిలవదు. ఇల్వ్-ఏను తీసేయకుండా ప్రమోటర్ (జన్యువు ఎంత పనిచేయాలో నిర్ణయించే డీఎన్‌ఏ భాగం) మార్చి నీరసింపజేయడమే మేం సిఫారసు చేసే మార్గం. ఇంకో జాగ్రత్త: ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌లో పాంటోథెనేట్ ఉంటుంది. ఇనాక్యులం (తొట్టెలో వేసే విత్తన కల్చర్) ఫ్లాస్కు నుంచి అది మోసుకొస్తే కరువు రావలసిన వేళకు రాదు, కణాలు హాయిగా పెరుగుతూ పోతాయి. ఇనాక్యులాన్ని 0.9 శాతం ఉప్పు నీళ్లతో రెండుసార్లు కడిగి వేయండి.

రెండో పద్ధతి: పైరువేట్ డీహైడ్రోజనేజ్‌ను కోసేయడం. జర్మనీలోని ఉల్మ్‌లో బ్లోంబాఖ్, ఐక్‌మన్స్ బృందం కొరైనీబాక్టీరియంలో ఆ ఎంజైమ్‌కు చెందిన ఏస్-ఈ జన్యువు తీసేసింది. గ్లూకోజ్ ఉన్నా కణం పెరగలేదు. పెరగడానికి అసిటేట్ కావాలి. అసిటేట్ ఉన్నంతసేపు పెరుగుతుంది. అయిపోగానే ఆగి, గ్లూకోజ్‌ను వేలీన్‌గా మార్చడం మొదలుపెడుతుంది. మీట నొక్కినట్టు రెండు దశలు విడిపోతాయి. దానికి గ్లైకాలిసిస్ మొదట్లో ఉండే పీజీఐ జన్యువు తొలగింపు జోడిస్తే గ్లూకోజ్ మొత్తం పెంటోజ్ ఫాస్ఫేట్ దారినే పోయి ఎన్‌ఏడీపీహెచ్ ఇస్తుంది. అలా లీటరుకు 48 గ్రాములు, ఉత్పత్తి దశలో మోలుకు 0.75 మోలు దిగుబడి వచ్చాయి. నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే మంచి స్ట్రెయిన్ లేదు, ఏ దశలో ఏం జరుగుతోందో కళ్లెదుటే కనబడుతుంది. తప్పులు జరిగేది అసిటేట్ దగ్గర. సోడియం లేదా పొటాషియం అసిటేట్‌ను కణం తినేస్తుంటే పీహెచ్ పైకి పోతుంది. ఆమ్లం వైపు పంపు పెట్టుకోని ఫెర్మెంటర్‌లో అది 8 దాటి, పెరుగుదల సగంలోనే చతికిలబడుతుంది.

మూడో పద్ధతి: కోసేయకుండా సన్నగిల్లేలా చేయడం. అదే ఏస్-ఈకి బలహీనమైన ప్రమోటర్లు పెట్టారు. అసిటేట్ అక్కర్లేకుండా గ్లూకోజ్ మీదే మెల్లగా పెరుగుతూ వేలీన్ ఇచ్చే స్ట్రెయిన్‌లు వచ్చాయి. 2013లో వీటితో 86.5 గ్రాములు చూపారు. వాయువు బాగా అందే మామూలు ఫెర్మెంటర్ ఉన్నవాళ్లకు, అటు ప్రత్యేక ఆహారమూ ఇటు కణాల వడపోతా వద్దనుకునేవాళ్లకు ఇదే సరైన దారి. ఒక్క ముప్పుంది. మెల్లగా పెరిగే కణాల మధ్య వేగంగా పెరిగే మార్పుకణం ఒకటి పుడితే అదే గెలుస్తుంది. మాస్టర్ స్టాక్ నుంచి ఉత్పత్తి తొట్టె దాకా తరాలను లెక్కపెట్టి, వీలైనన్ని తక్కువ ఉంచండి.

నాలుగో పద్ధతి: గాలి కట్టేయడం. క్యోటో సమీపంలోని రైట్ పరిశోధన సంస్థలో హసెగావా బృందం కొరైనీబాక్టీరియంను ముందు గాలిలో పెంచి, కణాలను వేరు చేసి, ఖనిజ మీడియంలో దట్టంగా కలిపి ఆక్సిజన్ ఆపేసింది. కణాలు పెరగవు, కానీ గ్లైకాలిసిస్ పరుగెడుతూనే ఉంటుంది. పైన చెప్పిన ఎన్‌ఏడీహెచ్ ఎంజైమ్‌లను అందులో పెట్టారు, లాక్టేట్ దారి ఎల్‌డీహెచ్-ఏను తీసేశారు. 2012లో 24 గంటల్లో లీటరుకు 172 గ్రాములు వచ్చాయి. ఉప ఉత్పత్తుల దారులను ఇంకా కోసి 2013లో 150 గ్రాములు, మోలుకు 0.88 మోలు దిగుబడి సాధించారు.

ఎన్‌ఏడీహెచ్ మార్పు లేకుండా గాలి మాత్రం కట్టేస్తే ఏమవుతుంది? ఎన్‌ఏడీహెచ్ పోయే చోటు లేక గ్లైకాలిసిస్ ఆగిపోతుంది, లేదా లాక్టేట్, సక్సినేట్ రూపంలో బయటపడుతుంది. నాలుగో పద్ధతిని సగం అమలు చేయడం కుదరదు. చేస్తే పూర్తిగా చేయాలి, లేదంటే మూడోదానికి వెళ్లాలి. ల్యూసీన్ డీహైడ్రోజనేజ్‌కు అమోనియా మీద పట్టు తక్కువ. తొట్టెలో అమోనియం పలచబడితే కీటోఐసోవేలరేట్ వేలీన్ కాకుండానే నిలిచిపోతుంది.

ఈ-కోలైలో కూడా గాలి తగ్గించే రెండు దశల పద్ధతి వచ్చింది. ఇల్వ్-ఈ బదులు బాసిల్లస్ సబ్టిలిస్ నుంచి ల్యూసీన్ డీహైడ్రోజనేజ్ తెచ్చి, 2020లో చైనా బృందం 84 గ్రాములు సాధించింది. అక్కడ గాలి పూర్తిగా కట్టేయలేదు, తగ్గించారు. కణాలను బయటికి తీయనక్కర్లేదు, అదే తొట్టెలో రెండు దశలూ నడుస్తాయి.

అంకెలను పక్కపక్కన పెడితే

| పద్ధతి | లీటరుకు వేలీన్ | గ్రాము గ్లూకోజ్‌కు | టన్ను వేలీన్‌కు గ్లూకోజ్ |
|---|---|---|---|
| ఈ-కోలై కే-12 (డబ్ల్యూ3110), 2007, బ్యాచ్ | 7.5 గ్రా. | 0.378 గ్రా. | 2.65 టన్నులు |
| ఈ-కోలై, రెండు దశలు, 2020 | 84 గ్రా. | 0.41 గ్రా. | 2.4 టన్నులు |
| కొరైనీ, ఏస్-ఈ తొలగింపు, 2008 | 48 గ్రా. | 0.49 గ్రా. | 2.05 టన్నులు |
| కొరైనీ, గాలి కట్టి, 2012 | 172 గ్రా. | 0.41 గ్రా. | 2.4 టన్నులు |
| కొరైనీ, గాలి కట్టి, 2013 | 150 గ్రా. | 0.57 గ్రా. | 1.75 టన్నులు |

రెండో వరుస, నాలుగో వరుస చూడండి. ఒకటి 84, ఇంకోటి 172. చక్కెర ఖర్చు మాత్రం ఒకటే. చక్కెర మీద డబ్బు పెట్టేవాడికి 172 కంటే 150 చాలా మెరుగైన అంకె.

గాలి కట్టే పద్ధతి దిగుబడిలో కణాలను పెంచిన చక్కెర కలవదు. ఉదాహరణకు లీటరుకు 30 గ్రాముల పొడి కణాలు కావాలనుకుందాం. గ్రాము గ్లూకోజ్‌కు అర గ్రాము కణాలు వస్తే, దానికే 60 గ్రాములు పోయింది. 150 గ్రాముల వేలీన్‌కు 262 గ్రాములు. మొత్తం 322 గ్రాములు. అసలు దిగుబడి 0.57 కాదు, 0.47. కణాలను రెండు మూడు విడతలు మళ్లీ వాడగలిగితే ఈ తేడా కరుగుతుంది. 24 గంటలన్న గడువులో కూడా కణాలు పెంచిన గంటలు లేవు. ఏస్-ఈ వరుసకూ ఇదే వర్తిస్తుంది, ఆ దిగుబడి ఉత్పత్తి దశది మాత్రమే. పోల్చేముందు అందరికీ ఒకే గీత గీసి కొలవండి.

ఎవరికి ఏది

దాణా కోసం చేస్తున్నారా? మొక్కజొన్న, సోయా మీద నడిచే బ్రాయిలర్ దాణాలో మెథియోనీన్, లైసీన్, త్రియోనీన్ తర్వాత కొరత వచ్చేది సాధారణంగా వేలీన్‌కే. కోళ్ల పరిశ్రమ ఇంత బలంగా ఉన్న తెలుగు రాష్ట్రాల్లో కొనేవాళ్లు పక్కనే ఉన్నారు. ఇక్కడ గెలుపోటములు తేల్చేది చక్కెర దిగుబడి. తొట్టెలు గాలి బాగా అందిస్తే మూడో పద్ధతి, కణాలను పెద్ద ఎత్తున వేరుచేసే సెంట్రిఫ్యూజ్ లేదా మెంబ్రేన్ ఉంటే నాలుగోది. రెండిటికీ కొరైనీబాక్టీరియమే.

ఆస్పత్రి సెలైన్‌ల స్థాయి వేలీన్ అయితే కొరైనీబాక్టీరియం తప్ప వేరేది చూడొద్దు. ఎండోటాక్సిన్ గొడవ మొదట్లోనే తప్పుతుంది. దిగుబడిలో ఐదు శాతం తగ్గినా శుద్ధిలో వెనక్కి వస్తుంది.

ఎం.టెక్, పీహెచ్‌డీ స్థాయిలో ఎంజైమ్ మార్పులు పరీక్షించాలంటే, ఏడాది లోపు ఫలితం కావాలంటే ఈ-కోలై డబ్ల్యూ. వారంలో రెండు మూడు మార్పులు చేసి చూడొచ్చు. కీటోఐసోవేలరేట్ నుంచి ఐసోబ్యుటనాల్ వైపు వెళ్లే ఆలోచన ఉన్నా ఇదే సులువు.

గాలి ఎంత అందుతుందో ముందు కొలుచుకోండి. గంటకు లీటరుకు 2 గ్రాముల వేలీన్ అంటే 17 మిల్లీమోళ్లు. మొదటి మార్గంలో ఆ ఉత్పత్తి ఒక్కదానికే గంటకు 17 మిల్లీమోళ్ల ఆక్సిజన్ కావాలి. పెరుగుదల, కణాల నిర్వహణ ఖర్చు దానికి అదనం. మీ తొట్టె ఇంతకు రెండింతలు ఇవ్వలేకపోతే మొదటి మూడు పద్ధతుల్లో ఏదీ కాగితం మీది అంకెను చూపదు.

కట్టేటప్పుడు

కొరైనీబాక్టీరియం ఏటీసీసీ 13032 అనే ప్రామాణిక స్ట్రెయిన్ అందరికీ ఆధారం; దాని జన్యుక్రమం 2003 నుంచి అందుబాటులో ఉంది. మన దేశంలో చండీగఢ్‌లోని ఎంటీసీసీ, పుణెలోని ఎన్‌సీఐఎం సేకరణల్లో కొరైనీబాక్టీరియం కల్చర్ల కోసం వెతకండి. జన్యు మార్పులు మొదలుపెట్టకముందే సంస్థ బయోసేఫ్టీ కమిటీకి చెప్పాలి, 1989 నిబంధనల కింద అది తప్పనిసరి. పెద్ద ఎత్తున తయారీకి పైస్థాయి కమిటీల అనుమతులు వేరుగా ఉంటాయి.

దీనిలోకి డీఎన్‌ఏ ఎక్కించడం ఈ-కోలైలో ఉన్నంత తేలిక కాదు. గోడ మందం, పైగా బయటి డీఎన్‌ఏను నరికే ఎంజైమ్ ఉంది. గోడను మెత్తబరచడానికి పెంచే మీడియంలో లీటరుకు 25 గ్రాముల గ్లైసీన్, 4 గ్రాముల ఐసోనియాజిడ్, 1 మిల్లీలీటర్ ట్వీన్-80 కలపాలి. కణాలను చల్లటి 10 శాతం గ్లిసరాల్‌తో మూడు నాలుగుసార్లు కడగాలి. 2 మిల్లీమీటర్ల క్యూవెట్‌లో 2.5 కిలోవోల్టులు, 25 మైక్రోఫారడ్లు, 200 ఓమ్‌లు. కరెంటు తగిలిన వెంటనే ముందుగా వేడి చేసి ఉంచిన బీహెచ్ఐ-సార్బిటాల్ మీడియంలోకి వేసి 46 డిగ్రీల దగ్గర 6 నిమిషాలు ఉంచాలి. ఈ వేడి నరికే ఎంజైమ్‌ను కాసేపు పడుకోబెడుతుంది. కాలనీలు రాలేదని వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువభాగం ఈ 6 నిమిషాలను వదిలేసినవే. ప్లాస్మిడ్‌ను (జన్యువులు మోసే డీఎన్‌ఏ వలయాన్ని) డామ్, డీసీఎం మిథైలేషన్ (డీఎన్‌ఏ మీద వేసే రసాయన గుర్తులు) లేని ఈ-కోలై నుంచి తీస్తే ఇంకా నయం.

జన్యువులు తీసేయడానికి పీకే19-మాబ్-శాక్‌బీ ప్లాస్మిడ్ పాతదే, ఇప్పటికీ నమ్మదగ్గదే. కనామైసిన్‌తో ప్లాస్మిడ్ జన్యుక్రమంలోకి ఎక్కిన కణాలను, 10 శాతం సుక్రోజ్‌తో అది దిగిపోయిన కణాలను ఏరాలి. దిగినవాటిలో సగం తిరిగి పాత రూపంలోనే ఉంటాయి, అది తప్పు కాదు, అందుకని పది పన్నెండు కాలనీలు పీసీఆర్ చేయండి. క్రిస్పర్ జన్యు కత్తెర వాడాలంటే క్యాస్9 రకం దీనికి విషమయ్యే ప్రమాదం ఉంది; క్యాస్12ఏ మేలు.

మీడియం సీజీ-12 అయితే లీటరుకు అమోనియం సల్ఫేట్ 20 గ్రాములు, యూరియా 5, రెండు పొటాషియం ఫాస్ఫేట్లు ఒక్కోటి 1, మెగ్నీషియం సల్ఫేట్ 0.25, మాప్స్ బఫర్ 42, గ్లూకోజ్ 40 గ్రాములు. ఫెర్రస్ సల్ఫేట్, మాంగనీస్ సల్ఫేట్, కాల్షియం క్లోరైడ్ ఒక్కోటి 10 మిల్లీగ్రాములు, జింక్ సల్ఫేట్ 1 మిల్లీగ్రాము, రాగి, నికెల్ లవణాలు అణుమాత్రం. ప్రోటోకాటెక్యుయిక్ ఆమ్లం 30 మిల్లీగ్రాములు, బయోటిన్ 0.2 మిల్లీగ్రాములు. పెంచే దశలో బయోటిన్‌ను మరిచిపోతే ఈ బాక్టీరియా పెరగదు. చాలీచాలకుండా వేస్తే గ్లుటమేట్ వదలడం మొదలుపెడుతుంది, అమైనో గుంపులు అటే పోతాయి. ఫెర్మెంటర్‌లో మాప్స్ అక్కర్లేదు. 100 గ్రాముల వేలీన్‌కు 14.5 గ్రాముల అమోనియా కావాలి, అంటే 25 శాతం అమోనియా నీళ్లు సుమారు 58 గ్రాములు. పీహెచ్ పంపుతోనే అది లోపలికి పోతుంది కాబట్టి, పంపు ఎంత లాగిందో చూస్తే వేలీన్ ఎంత వచ్చిందో దాదాపు తెలిసిపోతుంది.

తేడా వస్తే ఎక్కడ చూడాలి

బ్రాత్ (తొట్టెలోని కల్చర్ ద్రవం) వెన్న వాసన కొడితే అసిటోలాక్టేట్ ముందుకు కదలడం లేదని అర్థం. అది తనంతట తానే డైఅసిటైల్‌గా, అసిటోయిన్‌గా మారిపోతోంది. ఇల్వ్-బీఎన్ బలంగా, ఇల్వ్-సీ బలహీనంగా ఉంది. ఇల్వ్-సీ మోతాదు పెంచండి. కీటోఐసోవేలరేట్ కంటే ముందరి దశ పోగుపడితే ఇనుమును చూడండి. ఇల్వ్-డీకి ఇనుము-గంధకం గుత్తి కావాలి. మీడియంలో ఫాస్ఫేట్, ఇనుము కలిసి తెల్లగా గడ్డకట్టి ఉంటే కణానికి అందేది శూన్యం.

అలనీన్ పెరిగితే అది అన్నిటికంటే చికాకు. పోగుపడిన పైరువేట్‌కు అమైనో గుంపు అంటుకోవడం వల్ల వస్తుంది. ఏవీటీ-ఏ అనే ఎంజైమ్ వేలీన్ నుంచే అమైనో గుంపు లాగి పైరువేట్‌కు తగిలిస్తుంది, అంటే చేసిన సరుకునే తింటుంది. ముందు దాన్ని తీయండి, చాలకపోతే అలా-టీని నీరసింపజేయండి. ల్యూసీన్, ఐసోల్యూసీన్‌లు ఇంకో రకం తలనొప్పి: వాటి ఐసోఎలక్ట్రిక్ పాయింట్లు (అణువు మీది విద్యుదావేశం సున్నా అయ్యే పీహెచ్‌లు) 5.98, 6.02, వేలీన్‌ది 5.96. పీహెచ్ మార్చి విడదీయడం జరగని పని. కాబట్టి వాటిని తొట్టెలోనే అరికట్టాలి, శుద్ధి విభాగం మీద వదిలేయకూడదు.

హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో అమైనో ఆమ్లాలను ఆర్థోథాలాల్డిహైడ్‌తో కొలిచేటప్పుడు నార్‌వేలీన్‌ను లోపలి ప్రమాణంగా కలపడం చాలాచోట్ల అలవాటు. ఈ-కోలైలో పైరువేట్ పోగుపడి గాలి తగ్గితే కణమే నార్‌వేలీన్ చేస్తుంది. ప్రమాణం కలపని శాంపిల్‌ను ఒకసారి నడపండి. ఆ చోట శిఖరం కనబడితే వేరే ప్రమాణం ఎంచుకోండి, లేదంటే ప్రతి ఫలితం అసలు కంటే తక్కువ చూపిస్తుంది.

వేలీన్ నీటిలో 25 డిగ్రీల దగ్గర లీటరుకు 100 గ్రాముల లోపే కరుగుతుంది. ఆ హద్దు దాటితే ఫెర్మెంటర్‌లోనే స్ఫటికాలు కడుతుంది. మామూలుగా సెంట్రిఫ్యూజ్ చేసి పై నీళ్లు కొలిస్తే అడుగున కణాలతోపాటు వేలీన్ కూడా ఉండిపోతుంది, ఉత్పత్తి ఆగిపోయిందని పొరబడతారు. శాంపిల్‌ను బ్రాత్ రూపంలోనే ఐదారు రెట్లు పలచబరిచి, స్ఫటికాలు కరిగాక తిప్పండి. కణాల సాంద్రత చూపే ఓడీ రీడింగు కూడా స్ఫటికాల వల్ల పెరుగుతుంది. అదే పలచబరిచిన శాంపిల్ మీద మళ్లీ చదవాలి. అంత చిక్కగా నడిపే ఉద్దేశం ఉంటే శాంపిల్ పోర్టు, దించే గొట్టం వెచ్చగా ఉంచే ఏర్పాటును ఫెర్మెంటర్ కొనేటప్పుడే అడగండి.